చేతి రీలుకు మోటారు: వేట నిషేధంలో చేయవలసిన పని

శ్రీను: అందరికీ నమస్కారం. ఆటోనగర్‌లో ప్రసాద్ అన్న షాపు మేడ మీద కూర్చున్నాం. రికార్డింగు కోసం ఫ్యాను ఆపేశాం కాబట్టి త్వరగా మొదలుపెడతాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల వేట నిషేధం. నిజాంపట్నంలో, గిలకలదిండిలో బోట్లన్నీ ఒడ్డునే ఉన్నాయి. సామాను బాగుచేసుకోవడానికి ఇంతకన్నా మంచి సమయం లేదు. ఈరోజు విషయం, లోతు నీళ్ల వేటకు చేతి రీలును ఎలక్ట్రిక్‌గా మార్చుకోవడం. ముందు రీలు, తర్వాత మోటారు, చివరగా బ్యాటరీ, వైర్లు.

ప్రసాద్: చివరగా ఎందుకు? వైర్లతోనే మొదలుపెట్టాలి.

శ్రీను: అన్నా, ఇన్వర్టర్ ఎపిసోడులో కూడా మీరు ఇదే అన్నారు.

ప్రసాద్: అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటున్నాను. సరే, నువ్వు చెప్పు.

శ్రీను: అసలు మోటారు ఎందుకో ఒక లెక్క చెబుతాను. స్పూలు మీద దారం నిండుగా ఉన్నప్పుడు దాని వ్యాసం 7 సెంటీమీటర్లు అనుకోండి. ఒక చుట్టుకు 22 సెంటీమీటర్ల దారం వస్తుంది. గేరు 3కి 1 అయితే, హ్యాండిల్ ఒకసారి తిప్పితే 66 సెంటీమీటర్లు. 300 మీటర్ల లోతు నుంచి లాగాలంటే ఎంత లేదన్నా 450 సార్లు తిప్పాలి. అదీ స్పూలు నిండుగా ఉన్న లెక్కన. దారం నీళ్లలోకి వెళ్లేకొద్దీ స్పూలు సన్నబడుతుంది కాబట్టి అసలు లెక్క ఇంకా పెరుగుతుంది. కొసన రెండు కిలోల సీసం గుండు. ఎర తిన్నదా లేదా చూడటానికే భుజం పోతుంది.

ప్రసాద్: అందుకే జనం మొదటిసారి లాగిన తర్వాత రెండోసారి ఎర వేయరు. పడవ అంచుకు ఆనుకుని కూర్చుంటారు.

శ్రీను: ఇక రీలు. స్పూలు లోహంతో చేసినది కావాలి. నైలాన్ దారం బిగువు మీద చుట్టుకుంటే లోపలికి నొక్కుతుంది, ప్లాస్టిక్ స్పూలు పగులుతుంది. పెన్ కంపెనీ సెనేటర్ లాంటి పాత రీళ్లను జనం ఇందుకే వెతుక్కుంటారు. 1936 నుంచి ఉన్న మోడల్ అది, లోపలి పళ్లచక్రాలు అరిగితే మార్చుకోవచ్చు. పైన అల్లిన దారం వేసుకోండి. సన్నగా ఉంటుంది, ప్రవాహం తక్కువ లాగుతుంది, సాగదు. నైలాన్ సాగుతుంది కాబట్టి 300 మీటర్ల కింద చేప కొరికినా పైకి తెలియదు. అయితే అల్లిన దారాన్ని నేరుగా స్పూలుకు కట్టకండి, జారిపోతుంది. అడుగున కొంత నైలాన్ చుట్టి, దాని మీద ఇది.

ప్రసాద్: మోటారు సంగతి నేను చెబుతాను. రెండు దారులున్నాయి. మొదటిది రీలుకు బిగించే తయారీ మోటారు. అమెరికాలో ఎలెక్‌ట్రామేట్ వాళ్లు సెనేటర్ రీళ్లకు చేస్తారు. హుకర్ వాళ్ల మోటారును ఊడదీసి మళ్లీ చేత్తో తిప్పుకోవచ్చు. రెండో దారి, హ్యాండిల్ తీసేసి ఆ షాఫ్టుకు సరిపోయే సాకెట్‌ను లేత్ మీద చేయించుకుని, బ్యాటరీ డ్రిల్లుతో తిప్పడం. తక్కువ గేరులో పెట్టి మెల్లగా. ఇక్కడ మన వీధిలోనే ఆ సాకెట్ చేసి ఇస్తారు.





శ్రీను: కారు వైపర్ మోటారు పనికొస్తుందా అని బాపట్ల నుంచి ఒక శ్రోత అడిగారు.

ప్రసాద్: తిరుగుతుంది కానీ నిదానం. నిమిషానికి యాభై చుట్లు అనుకుంటే, నీ లెక్కలోని 66 సెంటీమీటర్లతో నిమిషానికి 33 మీటర్లు. 300 మీటర్లకు దాదాపు పది నిమిషాలు. చేపతో పోరాటానికి అది చాలదు. కానీ ఏ మోటారు పెట్టినా ఒకటి గుర్తుంచుకోండి. డ్రాగ్, అంటే చేప గట్టిగా లాగితే స్పూలును జారనిచ్చే బిగింపు, ఉండేది హ్యాండిల్ షాఫ్టుకూ స్పూలుకూ మధ్య. మోటారు ఆ షాఫ్టును తిప్పుతూనే ఉంటుంది, చేప గట్టిగా లాగితే డ్రాగ్ జారాలి. దారం ఓర్చుకునే బరువులో మూడో వంతు దగ్గర డ్రాగ్‌ను బిగించండి. స్ప్రింగు త్రాసుతో లాగి చూసి పెట్టాలి, వేలితో అంచనా వేయకూడదు. లేకపోతే దారం తెగుతుంది, లేదా మోటారు నిలిచిపోతుంది. నిలిచిన మోటారు వైరు నుంచి ఎంత కరెంటు లాగుతుందో తెలుసా...

శ్రీను: వైర్లు తర్వాత, అన్నా. నేను ఒకటి అడగాలి. మోటారుతో పైకి తెచ్చిన చేపను ‘నేను పట్టాను’ అనవచ్చా?

ప్రసాద్: ఎందుకు అనకూడదు?

శ్రీను: అంతర్జాతీయంగా గాలపు వేట రికార్డులు చూసే ఐజీఎఫ్‌ఏ 1939లో మొదలైంది. విద్యుత్తుతో నడిచే రీలును వాళ్ల నియమాలు ఒప్పుకోవు. ఎంత పెద్ద చేప పట్టినా లెక్కలోకి రాదు. ఆ నియమం సరైనదని నేను నమ్ముతాను. దారం చివర ఏం జరుగుతోందో వేళ్లకు తెలియాలి. సీసం బురదలో దిగిందా, రాయి మీద పడిందా, చేప తల విదిలిస్తోందా, ఇవన్నీ చేతిలోకి వస్తాయి. బటన్ నొక్కితే ఆ కబురు పోతుంది.

ప్రసాద్: కబురు దారంలో వస్తుంది, హ్యాండిల్‌లో కాదు. మోటారు నడిచేటప్పుడు కూడా బొటనవేలు దారం మీదే ఉంటుంది. సెనేటర్‌లో దారాన్ని పక్కకు సర్దే ఏర్పాటు లేదు. వేలితో అటూ ఇటూ సర్దకపోతే ఒక పక్కన గుట్టగా పడి ఇరుక్కుంటుంది. కాబట్టి వేలికి పని తగ్గదు, పెరుగుతుంది. పడవకు ఇంజిను ఉంది, నీటి అడుగు చూపించే సోనార్ ఉంది. వాటి దగ్గర లేని పవిత్రత రీలు దగ్గరకు వచ్చేసరికి ఎక్కడి నుంచి వచ్చింది?

శ్రీను: ఇంజిను చేప దగ్గరకు తీసుకెళ్తుంది. చేపతో తలపడేది రీలు. ఇంకో సంగతి. 200 మీటర్ల కింద ఒత్తిడి 21 వాతావరణాలు. చేప కడుపులోని గాలితిత్తి ఆ ఒత్తిడికి సర్దుకుని ఉంటుంది. పైకి లాగితే ఆ గాలి ఉబ్బుతుంది. కళ్లు బయటకు వస్తాయి, కడుపు నోట్లోకి తోసుకొస్తుంది. ఊరికే నీళ్లలో వదిలేస్తే తేలుతుంది తప్ప దిగలేదు. అంటే లోతు వేటలో వదిలేయడం అంత తేలిక కాదు. చేత్తో లాగేవాడు అలిసిపోయి ఆపుతాడు. మోటారు అలిసిపోదు. నా భయం అది.

ప్రసాద్: భయం సరైనదే, కానీ మందు తప్పు. అలసటను నియమంగా పెట్టుకుంటావా? ఇంటికి ఎన్ని కావాలో ముందే అనుకుని బయలుదేరాలి. బరువు కట్టి చేపను మళ్లీ లోతుకు దించే క్లిప్పులున్నాయి, అవి పడవలో ఉండాలి.

శ్రీను: ఎంతమంది పెట్టుకుంటారు?

ప్రసాద్: నేను పెట్టుకుంటాను. నా బావమరిది పెట్టుకుంటాడు.

శ్రీను: ఆయన ఎలా ఉన్నారు?

ప్రసాద్: కుడిచేయి ఇంకా రాలేదు. పక్షవాతం వచ్చాక ఏడాది పాటు సూర్యలంక వైపు కూడా రానన్నాడు. కూర్చుని చూడటం తన వల్ల కాదన్నాడు. రాడ్డును హోల్డరులో బిగించి, స్విచ్చును ఎడమచేతి వైపు పెట్టి ఇచ్చాను. ఇప్పుడు ఎర తనే గుచ్చుకుంటాడు, గాలాన్ని మోకాళ్ల మధ్య పట్టుకుని.

శ్రీను: ఆయన విషయంలో నేను కాదనను, అన్నా. ఆయనకు ఆ రీలు ఉండవలసిందే.

ప్రసాద్: అదే నాకు నచ్చని మాట. ఆయనకు మినహాయింపు ఇస్తున్నావు. మిగతా మనం పట్టినది అసలు వేట, ఆయన పట్టినది దయతో ఒప్పుకున్న వేట అవుతుంది. ఎప్పుడు కొక్కెం వేయాలి, డ్రాగ్ ఎంత వదలాలి, చేప కిందికి దూకినప్పుడు మోటారు ఎప్పుడు ఆపాలి, అన్నీ ఆయనే చూసుకుంటాడు. అదే కదా వేట?

శ్రీను: ...ఆపడం అన్నారు చూడండి, అది నాకు తట్టలేదు. చేప పరుగెత్తేటప్పుడు స్విచ్చు వదిలేసే నేర్పు. సరే. కానీ చేత్తో లాగిన వంజరం వేరే, అన్నా. అది మాత్రం ఒప్పుకోను.

ప్రసాద్: వంజరానికి మోటారు ఎవరు పెట్టమన్నారు? అది పైనీళ్ల చేప. లోతు నీళ్లకే చెబుతున్నాను.

శ్రీను: సమయం అయిపోతోంది. బ్యాటరీ గురించి రెండు ముక్కలు.

ప్రసాద్: రెండు ముక్కల్లో కుదరదు. పది కిలోల బరువును సెకనుకు ఒక మీటరు చొప్పున లాగడానికి 98 వాట్లు కావాలి. మోటారులో, గేరులో సగం పోతుందనుకుంటే 200 వాట్లు. 12 వోల్టులకు 17 ఆంపియర్లు. చేప విదిలిస్తే 20 దాటుతుంది. బ్యాటరీ పడవ వెనక, రాడ్డు ఐదు మీటర్ల ముందు. పోనూ రానూ 10 మీటర్ల రాగి. 2.5 స్క్వేర్ మిల్లీమీటర్ల వైరు వేస్తే 20 ఆంపియర్ల దగ్గర 1.4 వోల్టులు వైరులోనే పోతాయి. 6 స్క్వేర్ వేస్తే 0.6. జనం రీలు మీద వేలకు వేలు పెట్టి, ఇంట్లో మిగిలిన సన్న వైరు వేస్తారు. మోటారు మూలిగితే మోటారును తిడతారు!

శ్రీను: లిథియం బ్యాటరీ వేస్తే?

ప్రసాద్: లిథియం ఐరన్ ఫాస్ఫేట్ మంచిది, తేలిక, చివరి వరకు వోల్టేజి పెద్దగా పడిపోదు. కానీ వైరు సన్నదైతే అది కూడా ఏమీ చేయలేదు. ఫ్యూజు బ్యాటరీ పాజిటివ్ పక్కనే ఉండాలి, రీలు దగ్గర కాదు. మధ్యలో వైరు నలిగి షార్టయితే రీలు దగ్గరి ఫ్యూజుకు తెలియదు. ఉప్పు నీటికి తగరం పూత ఉన్న రాగి వైరు కావాలి. మామూలు రాగి లోపల నల్లబడుతుంది, పైన తొడుగు మాత్రం కొత్తగా కనిపిస్తుంది. వైరు కొసన బిగించే లగ్గు దగ్గర తొడుగు కోసి చూడాలి. ఇదిగో, ఈ ముక్క చూడు.

శ్రీను: అవును, పోగులు పొడిగా రాలుతున్నాయి. ఇది ఎవరిది?

ప్రసాద్: నీదే. నువ్వు మొన్న ఇచ్చి వెళ్లిన దీపం వైరు.

శ్రీను: ఇంకో రెండు మీటర్లు కోస్తే కింద బాగుంటుందా?

ప్రసాద్: కోసి చూద్దాం. కట్టరు ఇటు ఇవ్వు. ముందు ఆ మైకు పక్కకు జరుపు.