ఇవెట్ విలియమ్స్: హెల్సింకీలో మూడో ప్రయత్నం

అందరికీ నమస్కారం.

లాంగ్ జంప్ చూస్తున్నప్పుడు మన కళ్లు ఇసుక మీదే ఉంటాయి. అసలు కష్టం ఇసుకకు ఇవతల, పాదం మోపే పలక దగ్గర ఉంటుంది. కాలి వేలు పలక దాటిందా, ఎంత దూకినా ఫౌలే. భయపడి వెనకే అడుగు వేస్తే ఆ మేరకు దూరం పోయినట్టే, కొలత పలక అంచు నుంచే కదా!

ఇవెట్ విలియమ్స్ 1929లో న్యూజిలాండ్‌లోని డ్యునెడిన్‌లో పుట్టారు. కోచ్ జిమ్ బెల్‌వుడ్ ఆమెను సముద్రపుటొడ్డు ఇసుక దిబ్బల మీద పరుగెత్తించేవారు. ఒలింపిక్స్‌లో మహిళల లాంగ్ జంప్ మొదలైందే 1948లో. ఆ ఏడు ఆమెను లండన్‌కు పంపలేదు. రెండేళ్లకు ఆక్లండ్ ఎంపైర్ క్రీడల్లో (ఇప్పటి కామన్వెల్త్ క్రీడలు) లాంగ్ జంప్ స్వర్ణం గెలిచారు.

1952, హెల్సింకీ ఒలింపిక్స్. ఫైనల్లో మొదటి రెండు ప్రయత్నాలూ కలిసిరాలేదు. మూడు ప్రయత్నాల తర్వాత మొదటి ఆరుగురికే మళ్లీ అవకాశం. మూడోదీ పోతే ఇంటికే! అలాంటప్పుడు ఎవరికైనా అడుగు తడబడుతుంది. ఆమె మూడోసారి 5.90 మీటర్లు దూకి నిలబడ్డారు. ఆ వెంటనే నాలుగో ప్రయత్నంలో 6.24. స్వర్ణం, ఒలింపిక్ రికార్డు. నెదర్లాండ్స్‌కు చెందిన ఫానీ బ్లాంకర్స్-కోయెన్ 1943లో నెలకొల్పిన ప్రపంచ రికార్డుకు ఒక్క సెంటీమీటరే తక్కువ. న్యూజిలాండ్ మహిళల్లో ఒలింపిక్ స్వర్ణం గెలిచిన మొదటి వ్యక్తి ఆమే. అందరూ 6.24నే తలుచుకుంటారు. నా మటుకు నాకు ఆ 5.90యే గొప్పది. అది లేకపోతే నాలుగో ప్రయత్నమే లేదు.

మిగిలిన ఆ ఒక్క సెంటీమీటరును కూడా ఆమె వదల్లేదు. 1954 ఫిబ్రవరిలో గిస్బోర్న్‌లో 6.28 దూకి ప్రపంచ రికార్డు తన పేరిట రాసుకున్నారు. అదే ఏడాది వాంకూవర్ ఎంపైర్ క్రీడల్లో లాంగ్ జంప్‌తో పాటు షాట్‌పుట్, డిస్కస్‌లలోనూ స్వర్ణాలే! దూకడానికి వేగం కావాలి, విసరడానికి బలం కావాలి. ఒకే మనిషిలో ఆ రెండూ ఇంతగా కుదరడం ఎంత అరుదో క్రీడాకారులకు తెలుసు.

ఆ ఏడాది చివర్లోనే, పాతికేళ్ల వయసులో ఆమె పోటీలు మానేశారు. బాస్కెట్‌బాల్ ఆటగాడు బడ్డీ కార్లెట్‌ను పెళ్లాడారు. రెండేళ్లకు ఒలింపిక్స్ న్యూజిలాండ్ పక్కనే ఉన్న ఆస్ట్రేలియాలో, మెల్‌బోర్న్‌లో జరిగాయి. పోలండ్‌కు చెందిన ఎల్జ్బియెటా క్షెసిన్స్కా 6.35 దూకి గెలిచారు. ఆ పోటీలో ఇవెట్ కూడా ఉండి ఉంటే చూడాలని నాకు ఇప్పటికీ ఎంతో ఆశ.