వామి కొలత

శ్రోతలకు నమస్కారం.

వానలు మొహం చాటేసిన ఏడాది, సంక్రాంతి వెళ్లగానే చెయ్యాల్సిన పని ఒకటుంది. గడ్డివామి చుట్టూ ఒకసారి తిరిగి, ఇది ఎన్నాళ్లొస్తుందో లెక్కేసుకోవాలి. మా అనంతపురం వైపు మామూలు ఏడాదిలో కురిసేదే అటూ ఇటుగా 550 మిల్లీమీటర్లు. అదీ తప్పితే వేరుశనగ కాయ మాట దేవుడెరుగు, మేతకయ్యే దాని కట్టె కూడా జానెడుకు మించదు. చలికాలంలో గట్ల మీద ఇంకా కాస్త పచ్చగా కనిపిస్తుంది కాబట్టి ఎవరికీ టెన్షన్ ఉండదు. మోసపోయేది అక్కడే.

లెక్క పెద్దదేం కాదు. ఒక నాటు పశువుకు రోజుకు 6 కిలోల ఎండుగడ్డి అనుకుందాం. జూన్ ఆఖరుకు 165 రోజులు. తలకు దాదాపు టన్ను. జత ఎద్దులు, ఒక ఆవు ఉన్న ఇంటికి 3 టన్నులు. వామిలో ఉన్నది రెండే అయితే, ఒక పశువును ఇప్పుడే, ఒంటి మీద కండ ఉండగానే అమ్ముకోమంటాను. మాట కటువే. కానీ ఏప్రిల్‌లో ఊరంతా ఒకేసారి సంతకు తోలుకెళ్తుంది. అప్పుడు డొక్కలు లెక్కపెట్టి బేరగాడు చెప్పిందే ధర.

ఇక ఉన్న గడ్డికి బలం పెంచే ఉపాయం, యూరియాతో మాగబెట్టడం. వట్టి వరిగడ్డిలో మాంసకృత్తులు నూటికి మూడు నాలుగు పాళ్లే. మాగితే ఏడు దాకా వస్తాయి. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియా, 50 లీటర్ల నీళ్లు. గడ్డిని పొరలుగా పరిచి, మొక్కలకు నీళ్లు పోసే క్యానుతో చల్లుతూ గట్టిగా తొక్కాలి. పైన ప్లాస్టిక్ పట్ట కప్పి, అంచులకు మట్టి మెత్తాలి. 21 రోజులు విప్పకూడదు.

ఇక్కడ నా తప్పొకటి చెప్పాలి. మొదటిసారి చేసిన రోజు, బకెట్ అడుగున మిగిలిన యూరియా నీళ్లు పారబొయ్యకుండా కొట్టం దగ్గరే వదిలేసి అన్నానికి వెళ్లాను. పెయ్య పలుపు తెంచుకుని తాగేసింది. ఒళ్లంతా వణుకు, నోట నురగ, కడుపుబ్బరం. డాక్టరు బండి మీద వచ్చేసరికే కాళ్లు బిగుసుకుపోయాయి. యూరియాను నీళ్లలో కలిపి తాగిస్తే బలమని ఎవరైనా చెబితే నమ్మకండి. ఆరు నెలల లోపు దూడలకు మాగిన గడ్డి కూడా వద్దు.

ఇంకొకటి, నాము. కోసిన జొన్న మొదళ్ల నుంచి చినుకు పడగానే లేత పిలకలొస్తాయి. వాటిలో హైడ్రోసయనిక్ విషం ఉంటుంది. ఆకలి మీదున్న పశువు వాటిని కొరికితే నిమిషాల్లో పడిపోతుంది. ఆ చేనివైపు తోలకండి.

మూడు వారాలకు మాగబెట్టిన గడ్డి మీది పట్ట ఎత్తితే ఘాటు కళ్లలోకి కొడుతుంది. గడ్డి ముదురు పసుపులోకి తిరిగి, నలిపితే మెత్తగా ఉంటుంది. ఆ పూటకు కావాల్సినంతే తీసి, గంటసేపు గాలికి ఆరనివ్వాలి. మొదటిరోజు ఆవు వాసన చూసి మొహం తిప్పేసుకుంటుంది. మామూలు గడ్డిలో గుప్పెడు గుప్పెడు కలుపుతూ పోవాలి. వారం తిరిగేసరికి గంప కనబడితే చాలు, పలుపు లాగేస్తుంది.