పంపినవాళ్ళకు జవాబు అందాలి

అందరికీ నమస్కారం. అంగన్‌వాడీ టీచర్లు, ఏఎన్‌ఎంలు, ఆశాలు, బడి టీచర్లు, డాక్టర్లు, థెరపిస్టులు, బాలల సంరక్షణ విభాగం వాళ్ళు ఇలా గుంటూరులో ఒకే హాల్లో కూర్చోవడం నాకు చాలా సంతోషంగా ఉంది. ఒకే పిల్లాడి కోసం ఇంతమంది పనిచేస్తున్నాం. కానీ మన మధ్య కబురు మోసేది మాత్రం వాళ్ళమ్మే. ఆ బరువు ఆవిడ మీద ఉండకూడదు.

మూడేళ్ళ పిల్లాడికి మాటలు రాలేదనుకోండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ప్రకారం అంగన్‌వాడీ పిల్లల్ని ఏడాదికి రెండుసార్లు పరీక్షించాలి. ఆ కార్యక్రమం టీమ్ చూసి, డీఈఐసీకి, అంటే పిల్లల్లో లోపాలను తొందరగా గుర్తించి చికిత్స చేసే జిల్లా కేంద్రానికి, చీటీ రాస్తుంది. చీటీ మీద ‘మాటలు ఆలస్యం’ అని మాత్రమే ఉంటుంది. వెనక నుంచి పిలిస్తే వాడు తిరగడని, మన మొహం కనిపిస్తేనే నవ్వుతాడని అంగన్‌వాడీ టీచర్‌కి తెలుసు. రోజూ చూసే మనిషి కదా. ఆ సంగతి కూడా రాస్తే, చెవుల మీద అనుమానం మొదటి రోజే వస్తుంది.

ఇక అటునుంచి వచ్చే జవాబు. నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే. అక్కడ వినికిడి పరీక్ష చేసి చెవి మిషన్ ఇస్తారు. పంపిన టీచర్‌కి ఆ కబురు రాదు. ఖరీదైన వస్తువు, ఎక్కడ పోతుందోనని తల్లి దాన్ని బీరువాలో దాస్తుంది. పిల్లాడు మిషన్ లేకుండానే వచ్చి వెనక వరసలో కూర్చుంటాడు. ‘మిషన్ పెట్టే పంపమనండి, ముందు కూర్చోబెట్టండి, మొహం కనిపించేలా మాట్లాడండి’ అని థెరపిస్ట్ రాసి పంపడానికి రెండు నిమిషాలు చాలు.

మిర్చి కోతలకు కర్నూలు వైపు నుంచి వచ్చే కుటుంబాల విషయంలో ఇది మరీ అవసరం. కోతలవగానే వాళ్ళు వెళ్ళిపోతారు. కాగితం వాళ్ళ చేతికివ్వండి, వాళ్ళ సొంతూరి ఏఎన్‌ఎంకి ఫోన్ కూడా చేయండి.

ఏది ఎవరికి చెబుతున్నామో తల్లిదండ్రులకు ముందు చెప్పి, సరేనన్నాకే చెప్పాలి. పిల్లల పేర్లు, ఫొటోలు వాట్సాప్ గ్రూపుల్లో వద్దు. లైంగిక వేధింపు అనుమానం వస్తే మాత్రం ఎవరి ఒప్పుకోలు కోసమూ ఆగకండి. 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలియజేయడం మన బాధ్యత. దారి తెలియకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. ఆ బిడ్డ ఎవరన్నది మాత్రం బయటికి పొక్కకూడదు.

భోజనం తర్వాత మండలాల వారీగా కూర్చుంటున్నారు. ఫోన్ నంబర్లు ఎలాగూ తీసుకుంటారు. దాంతోపాటు, మీ మండలం నుంచి వెళ్ళే ప్రతి చీటీకి జవాబు ఎవరు రాస్తారో, ఎన్ని రోజుల్లో రాస్తారో పేరుతో సహా తేల్చుకుని లేవండి.