చెట్ల మధ్య ఆట: కాలండర్ ఊరి గోల్ఫ్ కోర్స్

హోస్ట్: అన్నా, గోల్ఫ్ అంటే మన దగ్గర డబ్బున్నవాళ్ల ఆటే కదా. మీరేమో స్కాట్లాండ్‌లో ఏదో చిన్న ఊరి కోర్స్ గురించి తెగ చెబుతుంటారు.

అతిథి: అక్కడ లెక్క వేరమ్మా. కాలండర్ అని, స్టిర్లింగ్ దాటాక వస్తుంది, ట్రోసాక్స్ కొండలకి గుమ్మం లాంటి ఊరు. క్లబ్ పెట్టింది 1890లో. కోర్స్ గీసింది ఓల్డ్ టామ్ మోరిస్, బ్రిటన్‌లో జరిగే పెద్ద గోల్ఫ్ పోటీ ‘ఓపెన్’ని నాలుగుసార్లు గెలిచిన మనిషి, గోల్ఫ్‌కి పేరున్న సెయింట్ ఆండ్రూస్ ఊళ్లో ఏళ్ల తరబడి గ్రీన్‌కీపర్‌గా, అంటే కోర్స్ గడ్డీ నేలా చూసుకునే మనిషిగా చేసినవాడు. తర్వాత దాన్ని మార్చింది విల్లీ ఫెర్నీ, ఈయనా 1883లో ఓపెన్ గెలిచాడు. అంత చిన్న ఊరికి అలాంటి ఇద్దరి చేయి పడింది చూడు!

హోస్ట్: టీవీలో చూసే సముద్రం పక్క కోర్సుల్లాగే ఉంటుందా?

అతిథి: అస్సలు కాదు. అవి లింక్స్, ఇసుక నేల, వాన పడ్డా నీళ్లు ఇంకిపోతాయి, బంతి పడి చాలా దూరం దొర్లుతుంది. ఇది పార్క్‌ల్యాండ్. చుట్టూ చెట్లు, నేల మెత్తన, బంతి పడ్డచోటే దాదాపు ఆగిపోతుంది, అందుకే ఇక్కడ గాల్లో కొట్టడం రావాలి, చెట్ల మధ్య సందు చూసుకుని గురి పెట్టడం రావాలి, ఊరికే బలం పెట్టి బాదితే బంతి వెతుక్కోవడంతోనే సాయంత్రం అయిపోతుంది. పైకి చూస్తే బెన్ లెడీ కొండ, 879 మీటర్లు. నాకైతే లింక్స్ కన్నా ఇదే ఇష్టం.

హోస్ట్: మరి చలికాలంలో?

అతిథి: అప్పుడే గ్రీన్‌కీపర్ పని విలువ తెలుస్తుంది. పొద్దున్నే మంచు గడ్డకట్టి ఉంటే గ్రీన్ మీద, అంటే బంతి పడాల్సిన గుంట చుట్టూ ఉండే పొట్టి గడ్డి మీద, కాలు పెట్టనివ్వరు. గడ్డిపరకలో నీరు గడ్డకట్టి ఉంటుంది కదా, తొక్కితే లోపలే చితికిపోతుంది, కొన్ని రోజులకి అడుగుల ముద్రలన్నీ నల్లగా తేలతాయి. అందుకే అసలు గ్రీన్ వదిలేసి ముందే ఇంకోచోట గడ్డి కోసి, అక్కడ గుంటని చూపించే జెండా పాతుతారు.

హోస్ట్: డబ్బున్నవాళ్ల ఆట కాదన్నారు, అది చెప్పండి.

అతిథి: హ్యాండిక్యాప్ పద్ధతి ఉందిగా. తక్కువ దెబ్బల్లో ముగించినవాళ్లదే గెలుపు కదా, బాగా ఆడనివాళ్లకి కొన్ని దెబ్బలు తగ్గించి లెక్కేస్తారు, కాబట్టి కొట్టు నడిపే పెద్దాయన, బడికెళ్లే పిల్ల కలిసి ఆడినా పోటీ నిజంగానే ఉంటుంది. ఇంకోటి, అక్కడ 2003లో ఒక భూచట్టం వచ్చింది, దాని ప్రకారం గోల్ఫ్ ఆడనివాళ్లు కూడా కోర్స్ దాటి వెళ్లొచ్చు, గ్రీన్స్ తొక్కకుండా, ఆటకి అడ్డం రాకుండా. ఎవరైనా నడిచి వస్తే నేను గోల్ఫ్ కర్ర కింద పెట్టి ఆగుతాను, వాళ్లు చెయ్యి ఊపి పోతారు. జూన్‌లో రాత్రి పదింటికీ వెలుగు ఉంటుంది, పని అయ్యాక వెళ్లినా మొత్తం ఆట అయిపోతుంది.

హోస్ట్: ఈసారి నన్నూ తీసుకెళ్లండి.

అతిథి: తప్పకుండా. నీళ్లు లోపలికి రాని బూట్లు తెచ్చుకో.