ఊరు కొత్తది, వీధి ఏది?

శ్రోతలకు నమస్కారం.

కొత్త నగరంలో ఇల్లు కొనాలనుకునే వాళ్ల చేతికి మొదట అందేవి పేర్లు. ఉద్యోగం మారి వచ్చారనుకోండి, ఆఫీసులో నలుగురిని అడుగుతారు. "ఫలానా ఏరియా చాలా బాగుంటుంది" అంటారొకరు. "అటువైపు మాత్రం వెళ్లకండి" అంటారు ఇంకొకరు. "ఇప్పుడు తీసి పడేయండి, నాలుగేళ్లలో రెట్టింపు" అంటాడు మూడో ఆయన. వారం తిరిగేసరికి ఐదారు పేర్ల జాబితా తయారవుతుంది. వాటిలో సగం చోట్ల మనం కాలు కూడా పెట్టి ఉండం.

ఈ సలహాల్లో ఒక తమాషా ఉంది. ఇల్లు కొనుక్కున్న ప్రతివాళ్లూ తామున్న ఏరియానే మెచ్చుకుంటారు. అబద్ధమాడుతున్నారని కాదు. ఇరవై ఏళ్ల అప్పు నెత్తికెత్తుకుని కొన్న చోటు గురించి "ఏం బాగోలేదండీ" అనడానికి ఎవరికి నోరొస్తుంది?

అసలు ఏరియా అన్న కొలతే మనకు చాలా పెద్దది. ఒక్కో పేరు కింద వందల వీధులుంటాయి. మంచి పేరున్న ఏరియాలో మురుగు పొంగే సందులుంటాయి, పేరు లేని ఏరియాలో హాయిగా బతకగలిగే వీధులుంటాయి. పేరుకు మనం ధర కడతాం గానీ, పొద్దున లేచి తలుపు తీస్తే కనిపించేది ఒక్క వీధే.

దీని మీద ఒక చక్కని పరిశోధన ఉంది. డొనాల్డ్ ఆపిల్‌యార్డ్ అనే నగర ప్రణాళికా నిపుణుడు 1960ల చివర్లో అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కోలో మూడు వీధులను ఎంచుకున్నారు. మూడూ చూడటానికి ఇంచుమించు ఒకేలా ఉండే నివాస వీధులు. తేడా వాహనాల్లోనే. ఒకదాంట్లో రోజుకు సుమారు 2,000 బళ్లు, రెండోదాంట్లో 8,000, మూడోదాంట్లో 16,000 తిరిగేవి. తక్కువ రద్దీ ఉన్న వీధిలో ఒక్కో మనిషికి అదే వీధిలో సగటున ముగ్గురు స్నేహితులు, ఆరుగురికి పైగా పరిచయస్తులు ఉన్నట్టు తేలింది. బాగా రద్దీ ఉన్న వీధిలో స్నేహితుల సగటు ఒక్కరికి కూడా తక్కువ, పరిచయస్తులు ముగ్గురు. అక్కడివాళ్లు "నా ఇల్లు" అనుకునే హద్దు కూడా తలుపు దగ్గరే ఆగిపోయింది. రద్దీ లేని వీధివాళ్లకేమో వీధంతా తమదే. ఊరు అదే, ఇళ్లూ అలాంటివే, మారింది వీధిలో తిరిగే బళ్ల లెక్క ఒక్కటే.

అందుకని పేర్ల జాబితా కాసేపు పక్కన పెట్టి, ముందు మీ వారం ఎలా గడుస్తుందో కాగితం మీద రాయండి. సోమవారం నుంచి ఆదివారం దాకా ఇంట్లో ఎవరు ఎక్కడికి, ఎన్నింటికి వెళ్తారు? ఆఫీసు, బడి, పెద్దవాళ్లను చూపించే ఆసుపత్రి, కూరగాయలు, పిల్లల ఆట. ఇల్లు కొనేటప్పుడు చాలామంది సంపాదించే మనిషి ఆఫీసును నడిమధ్యన పెట్టి చుట్టూ గీత గీస్తారు. ఆఫీసు మూడేళ్లలో మారొచ్చు. పిల్లల బడి, పెద్దవాళ్ల డాక్టరు అంత తొందరగా మారరు. ఇంట్లో రోజంతా గడిపే మనిషి సంగతి ఆ కాగితంలో చాలాసార్లు ఉండనే ఉండదు. వాళ్లకే ఆ వీధి ఇరవై నాలుగు గంటలూ కావాలి.

ప్రయాణ సమయం దగ్గర మనిషి తనను తాను మోసం చేసుకున్నంతగా ఇంకెక్కడా చేసుకోడు. "ఇంకో నలభై నిమిషాలే కదా, పాటలు వింటూ వెళ్లిపోతాం" అనుకుంటాం. లెక్క వేద్దాం. వెళ్లడానికి నలభై, రావడానికి నలభై. ఏడాదికి 240 పనిదినాలు అనుకుంటే అది 320 గంటలు. రోజుకు ఎనిమిది గంటల పని చొప్పున చూస్తే 40 రోజుల ఉద్యోగం, అదీ జీతం లేకుండా. ఇటలీ భౌతిక శాస్త్రవేత్త చెజారే మార్కెట్టి 1994లో ఒక సంగతి గుర్తుచేశారు. కాలినడక రోజుల నుంచి కార్ల కాలం దాకా మనుషులు రోజుకు మొత్తం మీద గంటసేపు రాకపోకలనే సహజంగా ఓర్చుకుంటూ వచ్చారట. బండి వేగం పెరిగితే ఊళ్లు విస్తరించాయి తప్ప ఆ గంట పెద్దగా మారలేదు. 2004లో మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానమన్ బృందం టెక్సాస్‌లో ఉద్యోగం చేసే 909 మంది మహిళలను, ముందురోజు ఏయే పని చేస్తున్నప్పుడు మనసు ఎలా ఉందని అడిగింది. అట్టడుగున నిలిచింది పొద్దున పనికి వెళ్లే ప్రయాణం. ఇంటిపనీ, ఆఫీసు పనీ కూడా దానికన్నా నయమనిపించాయి.

దూరంగా కొంటే అదే డబ్బుకు దొరికే ఇంకో గదికి ఓ నెలలో అలవాటు పడిపోతాం, అది ఉందన్న సంగతే మరిచిపోతాం. ట్రాఫిక్ అలా కాదు, రోజుకో రకంగా విసిగిస్తుంది. అందుకే గది తగ్గించుకుని దూరం తగ్గించుకునే వాళ్ల పక్షమే నాది.

ఆ దూరాన్ని ఫోన్‌లో చూసి నమ్మకండి. ఆదివారం మధ్యాహ్నం ఏజెంటు కారులో పావుగంటలో చేరిన దారి, సోమవారం పొద్దున ఎనిమిదిన్నరకు గంట పట్టవచ్చు. మీరు నిజంగా బయల్దేరే వేళకే, నిజంగా వెళ్లే వాహనంలోనే ఒకసారి వెళ్లి చూడండి. మ్యాప్‌లో బడి అరకిలోమీటరే కనిపిస్తుంది. మధ్యలో రైలు పట్టాలో, దాటడానికి వీల్లేని పెద్ద రోడ్డో ఉంటే ఆ అరకిలోమీటరు కాస్తా రెండవుతుంది. ఒక్కటే దారి ఉన్న చోటికి, రెండు మూడు దార్లున్న చోటికి కూడా చాలా తేడా ఉంది. ఆ ఒక్క దారిలో వంతెన పనులు మొదలైతే ఏడాదిపాటు టెన్షనే.

ఇక నీళ్లు. కొత్త ఊరివాళ్లను అన్నిటికన్నా ఎక్కువగా దెబ్బతీసేది ఇదే. ఎందుకంటే ఇళ్లు చూడటానికి మనం ఎండాకాలంలో వెళ్తాం, అప్పుడు పల్లమూ మెరకా ఒకలాగే కనిపిస్తాయి. పాత కాపురస్తులకు ఏ మలుపులో నీళ్లు నిలుస్తాయో కళ్లు మూసుకున్నా తెలుసు.

ఎవరినీ అడగక్కర్లేకుండా వీధే చెప్పే గుర్తులు కొన్ని ఉన్నాయి. ప్రహరీ గోడలు చూడండి. నీళ్లు నిలిచిన వీధి అయితే మోకాలి ఎత్తున గోడ పొడవునా ఒకే మట్టంలో ఒక గీత ఉంటుంది. పైన రంగు మామూలుగా ఉంటుంది, కింద మట్టి పీల్చిన మరక. కొత్తగా రంగు వేసి ఉంటే ఆ గీత కింద సున్నం బుడగలు కట్టి పెచ్చులు లేస్తుంటుంది. కరెంటు మీటర్లు తల ఎత్తి చూసేంత పైన బిగించి ఉంటే ఎందుకో అడగండి. గేటు దగ్గర రెండు మూడు ఇటుకల ఎత్తున కట్టిన చిన్న అడ్డుగట్టు బండి ఎక్కడానికి ఇబ్బంది తప్ప అందానికి పనికిరాదు, నీళ్లకు భయపడి కట్టుకున్నది. పాత ఇళ్ల గడప రోడ్డు కన్నా కింద ఉందేమో కూడా చూడండి. రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోతే ఇల్లు దానంతటదే పల్లంలో పడుతుంది. ఇలాంటి గుర్తులు రెండు మూడు ఒకే వీధిలో కనిపిస్తే ఇక లోపల వంటిల్లు ఎంత ముచ్చటగా ఉన్నా చూడనక్కర్లేదు.

"అదేదో వందేళ్లకోసారి వచ్చే వరదండీ, మన జీవితంలో మళ్లీ రాదు" అని అమ్మేవాళ్లు అంటుంటారు. ఈ మాట వినడానికి ధైర్యంగా ఉంటుంది గానీ దాని అర్థం అది కాదు. ఏ ఏడాదైనా ఆ స్థాయి వరద వచ్చే అవకాశం నూటికి ఒక వంతు అని. నిరుడు వచ్చింది కాబట్టి ఈసారి రాదన్న పూచీ లేదు. ముప్ఫై ఏళ్ల అప్పు తీరేలోపు ఒక్కసారైనా వచ్చే అవకాశం లెక్క కడితే 26 శాతం తేలుతుంది, అంటే నాలుగో వంతు కన్నా కాస్త ఎక్కువే. చాలా దేశాల్లో ప్రభుత్వమే ముంపు ప్రాంతాల పటాలు అందరికీ అందుబాటులో పెడుతుంది. అవి దొరకని చోట పాత పటాలు, పాత ఉపగ్రహ చిత్రాలు తెరిచి మీరు చూస్తున్న స్థలం ఇరవై ముప్ఫై ఏళ్ల కింద ఏమిటో చూడండి. చెరువు అయితే, నీళ్లు మళ్లీ అక్కడికే దారి వెతుక్కుంటాయి.

నేల సంగతి నీళ్లతోనే ఆగదు. 1985 సెప్టెంబరు 19న మెక్సికోలో భారీ భూకంపం వచ్చింది. దాని కేంద్రం రాజధానికి 300 కిలోమీటర్లకు పైగా దూరంలో, పసిఫిక్ తీరాన ఉంది. అయినా మెక్సికో సిటీలో వేలమంది చనిపోయారు. ఒకప్పటి సరస్సు ఎండిన మెత్తటి మట్టి మీద కట్టిన పేటలే ఎక్కువగా కూలాయి. అదే నగరంలో గట్టి నేల మీదున్న పేటలు చాలావరకు తట్టుకున్నాయి. మీ ఊరికి భూకంపాల భయం లేకపోవచ్చు. పూడ్చిన నేల మీద గోడలు బీటలు వారడానికి మాత్రం భూకంపమే రానక్కర్లేదు.

చప్పుడు, వాసన గురించి ఎక్కువ చెప్పను. పడకగదిలో కిటికీ తెరిచి, అందరూ మాటలాపి, పది నిమిషాలు కూర్చోండి. ఒకసారి పగలు, ఒకసారి రాత్రి పదకొండుకు. ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం 2018 మార్గదర్శకాల్లో రాత్రివేళ రోడ్డు చప్పుడు సగటున 45 డెసిబెల్స్ దాటకూడదని సూచించింది. అది లైబ్రరీ కన్నా కాస్త ఎక్కువ సందడి, అంతే. డెసిబెల్స్ లెక్క మామూలు లెక్క కాదు, పది పెరిగితే చెవికి రెట్టింపు చప్పుడు చేసినట్టుంటుంది. మురుగునీటి శుద్ధి కేంద్రమో, చెత్త డంపింగ్ యార్డో రెండు మూడు కిలోమీటర్లలో ఉంటే, ఏడాదిలో గాలి ఎక్కువగా ఎటునుంచి ఎటు వీస్తుందో కనుక్కోండి. మీరు వెళ్లిన పూట గాలి అటు తిరిగి ఉండొచ్చు.

పక్కనే ఖాళీ స్థలం ఉంటే చాలామంది మురిసిపోతారు, వెలుతురు, గాలి అని. ఆ వెలుతురు మీది కాదు, ఆ స్థలం సొంతదారుది. అక్కడ ఎన్ని అంతస్తులకు అనుమతి ఉందో, నగర మాస్టర్ ప్లాన్‌లో ఆ మీదుగా రోడ్డు గీత ఏమైనా ఉందో చూసుకున్నాకే మురవండి. "రాబోయే మెట్రో", "రాబోయే ఐటీ పార్కు" అంటూ చూపించే బొమ్మలకు మాత్రం ఒక్క పైసా కూడా ఎక్కువ ఇవ్వకండి. వస్తే లాభమే. రాకపోతే, ఉన్నదాంతోనే కాపురం చేయాలి.

మరి ఎవరిని అడగాలి? నన్నడిగితే అద్దెకుండే వాళ్లను అడగమంటాను. సొంతింటివాళ్లకు ధర పడిపోతుందన్న బెంగ ఉంటుంది, ఏజెంటుకు కమిషన్ ఉంటుంది. అద్దెకున్న మనిషికి ఆ వీధి పరువు కాపాడాల్సిన అవసరం లేదు. అడిగే తీరు కూడా ముఖ్యం. "ఇక్కడ బాగుంటుందా అండీ?" అంటే ఎవరైనా బాగుంటుందనే అంటారు. "పోయిన ఏడాదిలో మీకు ఇక్కడ బాగా ఇబ్బందైన రోజు ఏది?" అని అడిగి చూడండి. కాసేపు ఆలోచించి కరెంటు పోయిన రాత్రి గురించో, వారం పాటు నీళ్లు రాని సంగతో, పై అంతస్తులో పార్టీల గోలో చెప్పుకొస్తారు. రాత్రి ఒంటరిగా నడిచి రావడం గురించి ఆడవాళ్లను అడగాలి, మగవాళ్ల జవాబు ఇక్కడ అంతగా పనికిరాదు.

వీలుంటే ఇల్లు కొనబోయే వీధిలోనే, కుదరకపోతే ఆ చుట్టుపక్కల, వానాకాలం కలిసొచ్చేలా ఏడాది అద్దెకుండండి. అద్దె దండగ అంటారు పెద్దలు. తప్పుడు చోట కొని మూడేళ్లకు అమ్ముకుంటే పోయే రిజిస్ట్రేషన్ ఖర్చులు, బ్రోకర్ కమిషన్, కట్టిన వడ్డీ కలిపి చూస్తే ఏది దండగో తేలుతుంది. పిల్లల బడి మారుతుందనో, మరేదో కారణానో అద్దెకు ఉండటం కుదరకపోతే, కనీసం వారం పాటు దగ్గర్లో బస చేసి మామూలు రోజులాగే గడపండి. పాలకు వెళ్లండి, బస్సు ఎక్కండి, రాత్రి భోజనం అయ్యాక నాలుగు అడుగులు వేసి రండి. "రేపటికల్లా అడ్వాన్స్ ఇవ్వకపోతే ఇంకొకరు లాక్కుపోతారు" అన్న బేరం ఏదైనా, పోతే పోనివ్వండి.

మీకు ఆ ఊరే కొత్త, అక్కడ స్థిరపడతారో లేదో మీకే ఇంకా తెలియదు. అందుకని అమ్మాల్సి వచ్చినా, అద్దెకివ్వాల్సి వచ్చినా అది సులువుగా సాగే చోటు చూసుకోవాలి. దీనికి ఏజెంటు లెక్కలు అక్కర్లేదు. మొదటిసారి వెళ్లినప్పుడు ఆ వీధిలో ఎన్ని గేట్లకు 'టు లెట్' బోర్డులు, 'అమ్మబడును' బోర్డులు ఉన్నాయో ఫోన్‌లో ఫోటోలు తీసుకోండి. రెండు మూడు నెలలాగి మళ్లీ వెళ్లండి. అవే గేట్లకు అవే బోర్డులు వేలాడుతుంటే ఆ వీధిలో అడిగేవాళ్లు తక్కువని అర్థం. అలాంటి చోట ధర గట్టిగా తగ్గించి అడగొచ్చు. లేదా పక్క వీధిలోకి వెళ్లి చూడొచ్చు.

సెలవు.