అరవై చింతగింజలు: పిల్లలకు జూదం గురించి ఎలా చెప్పాలి?

[దృశ్యం: బడి వరండా. నేల మీద సుద్దముక్కతో గీసిన ఆరు గళ్ళు, ఒక లూడో డైస్, గిన్నెలో చింతగింజలు.]

నమస్కారం. నేను నెల్లూరు జిల్లాలో ఒక హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఐపీఎల్ జరిగే రోజుల్లో ఎనిమిదో తరగతి పిల్లాడొకడు వరుసగా మూడు రోజులు మధ్యాహ్న భోజనంలో గుడ్డు తినలేదు. తన గుడ్డు తీసుకెళ్ళి పక్కవాడి ప్లేటులో పెట్టేస్తున్నాడు. ఎందుకురా అంటే, "పందెంలో ఓడిపోయాను సార్. ఈ వారం నా గుడ్లన్నీ వాడివే" అన్నాడు. మొదటి మ్యాచ్‌కి ఒక్క గుడ్డే కాశాడట. పోయిన గుడ్డు రాబట్టుకోవాలని రెండో మ్యాచ్‌కి రెండు కాశాడు. అలా వారమంతా పోయింది.

ఆ రోజు గట్టిగా మందలించాను. మర్నాటి నుంచి పందేలు నా కంటపడకుండా బడి గోడ అవతల మొదలయ్యాయి. అప్పుడు నాకర్థమైంది, తిట్టడం వల్ల పిల్లలు నేర్చుకున్నది దాచడం ఒక్కటే అని. అందుకే ఆటను నేనే తరగతిలోకి తెచ్చాను, డబ్బు లేకుండా.

[దృశ్యం: పిల్లల చేతులు గళ్ళలో గింజలు పెడుతున్నాయి. డైస్ దొర్లుతోంది.]

ఇంట్లో మీరూ ఆడించవచ్చు. ఒకరు కొట్టువాడు, అంటే ఆట నడిపేవాడు. ఇంకొకరికి అరవై చింతగింజలు ఇవ్వండి. ఒకటి నుంచి ఆరు దాకా గళ్ళు గీయండి. ఆటగాడు తనకిష్టమైన అంకె మీద ఒక గింజ పెట్టి డైస్ వేస్తాడు. ఆ అంకె పడితే కొట్టువాడు, పెట్టిన గింజతో కలిపి, మొత్తం ఐదు గింజలు ఇస్తాడు. పడకపోతే పెట్టిన గింజ కొట్టువాడిది. గెలిచిన గింజలు పక్కన పోగు వేయాలి, మళ్ళీ ఆడకూడదు. ప్రతిసారీ నోట్‌బుక్‌లో రాయాలి.

ఒకటికి ఐదు అనగానే పిల్లల మొహాలు వెలిగిపోతాయి. వెలగనివ్వండి. అరవై సార్లు వేశాక పోగు లెక్కపెట్టించండి. ఒక అంకె పడే అవకాశం ఆరింటికి ఒకటి. అంటే అరవైకి సుమారు పదిసార్లు గెలుస్తారు. పది ఐదులు యాభై. మిగతా పది గింజలు కొట్టువాడి గిన్నెలో ఉంటాయి. అతను మోసం చేయలేదు, డైస్‌లో తేడా లేదు. ఆరు ఇవ్వాల్సిన చోట ఐదు ఇస్తున్నాడు, అంతే. తిరునాళ్ళలో పాచికలాట కొట్టయినా, ఫోన్‌లో యాప్ అయినా నడిచేది ఆ ఒక్క గింజ మీదే.

ఇక్కడ ఒక జాగ్రత్త. కొందరు పిల్లలకు లాభం వస్తుంది. పదమూడు సార్లు పడితే అరవై ఐదు గింజలు చేతికొస్తాయి కదా! దాన్ని దాచకండి. మా తరగతిలో ఆరు జట్లు ఆడితే ఒక జట్టు లాభంతో లేచింది. గది మొత్తం వినపడింది ఆ జట్టు కేకలే. ఓడిన ఐదు జట్లూ మాట్లాడకుండా కూర్చున్నాయి. బయట కూడా మన చెవిన పడేది గెలిచినవాడి కథే అని పిల్లలతో అప్పుడే చెప్పాను. ఆరు జట్ల లెక్కా బోర్డు మీద కూడితే కొట్టువాడి లాభం కనపడింది.

ఆట మధ్యలో పిల్లలు తప్పకుండా ఒక మాట అంటారు: "నాలుగు ఇందాకటి నుంచి పడలేదు సార్, ఇప్పుడు పడి తీరుతుంది." డైస్‌కు జ్ఞాపకం ఉండదు. 1913 ఆగస్టు 18న మోంటే కార్లో క్యాసినోలో (జూదశాలలో) ఎరుపు, నలుపు గళ్ళున్న చక్రం మీద ఆడే రూలెట్ ఆటలో బంతి వరుసగా 26 సార్లు నలుపు మీదే ఆగింది. ఇక ఎరుపే వస్తుందని నమ్మి పందెం పెంచుకుంటూ పోయినవాళ్ళు భారీగా పోగొట్టుకున్నారు. గుడ్ల పందెం పిల్లాడు ఇది విని, "నేనూ అదే చేశాను సార్" అన్నాడు.

[దృశ్యం: ఫోన్ తెర. రంగు ఎంచుకోమంటున్న ఆట.]

2020లో మన రాష్ట్రం 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ చట్టం చేసింది. నడిపేవాళ్ళకు మూడేళ్ళ వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. అయినా లింకులు ఫోన్లలోకి వస్తూనే ఉంటాయి. మోసపు యాప్‌లు మొదట వందో రెండొందలో గెలిపిస్తాయి, పెద్ద మొత్తం వేశాక డబ్బు వెనక్కి రానివ్వవు. మామూలు ఆటల్లో కూడా లోపల ఏముందో తెలియని పెట్టెను డబ్బులిచ్చి తెరవమంటారు. అదీ గింజల ఆటే అని పిల్లలకు చూపించండి.

[దృశ్యం: పెన్నా ఒడ్డు, సాయంత్రం.]

కథ కావాలంటే మనకు భారతం ఉంది. ధర్మరాజు ఒక్కసారి ఓడిపోయాడనే అందరూ అనుకుంటారు. మొదటి జూదంలో పోయినదంతా ధృతరాష్ట్రుడు తిరిగి ఇచ్చేశాడు. మళ్ళీ పిలిస్తే ధర్మరాజు మళ్ళీ వెళ్ళి కూర్చున్నాడు! అరణ్యవాసం వచ్చింది ఆ రెండో ఆటతోనే. మన నెల్లూరు తిక్కన తెలుగు చేసిన విరాట పర్వంలో కంకుభట్టుగా ఉన్న ఆ ధర్మరాజు ముఖం మీదే విరాటుడు కోపంతో పాచిక విసిరికొడతాడు, నెత్తురొస్తుంది. "ధర్మరాజు మంచివాడు కదా సార్, ఎందుకు ఆడాడు?" అని ఒక అమ్మాయి అడిగింది. నాకు కావలసిన ప్రశ్న అదే. జూదంలో చిక్కుకున్నవాడు చెడ్డవాడనుకుంటే, రేపు తనకే ఆ ఇబ్బంది వస్తే ఆ పిల్ల నోరు తెరవదు.

పెద్దవాళ్ళకు ఒక మాట. సంక్రాంతికి మనం పేకాటకు కూర్చుంటే, కోడిపందెం మీద నోట్లు పెడితే, పక్కన నిలబడి చూసేది మన పిల్లలే. గెలిచిన రోజు స్వీట్లు తెచ్చి, ఓడిన రోజు ఊరుకుంటే వాళ్ళకు సగం లెక్కే తెలుస్తుంది. ఎంత పోయిందో కూడా చెప్పండి.

మీ అబ్బాయో అమ్మాయో డబ్బు పోగొట్టుకున్నట్టు తెలిస్తే, ముందు అన్నం పెట్టండి. తర్వాత ఎంత పోయింది, ఎవరికి బాకీ ఉన్నావు అని నెమ్మదిగా అడగండి. కొట్టకండి, నలుగురిలో అనకండి. నిద్రపోకుండా, ఎవరితో మాట్లాడకుండా, చచ్చిపోవాలని ఉందన్న మాట అంటుంటే ఒంటరిగా వదలకండి. వెంటనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416కి ఫోన్ చేయండి. ఉచితం. తెలుగులో మాట్లాడతారు, అర్ధరాత్రయినా పలుకుతారు.