ఒక గదిలో విడిగా ఉండమంటే ఎలా? పసిఫిక్ కుటుంబాలు, కరోనా

[తెర: పాత ఫొటో. సమోవా రాజధాని ఆపియా రేవులో స్టీమర్.]

వాయిస్: 1918 నవంబరు 7. న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ నుంచి తాలూన్ అనే ఓడ పసిఫిక్ దీవుల్లోని సమోవా చేరింది. ఓడలో ఫ్లూ ఉన్నా, అప్పుడు సమోవాని ఏలుతున్న న్యూజిలాండ్ పాలకులు ఆపలేదు. ఆ ఫ్లూకి సుమారు 8,500 మంది బలయ్యారు. అంటే ఐదుగురిలో ఒకరికి పైనే. పక్కనే అమెరికన్ సమోవాలో ఓడల్ని కట్టడి చేశారు, అక్కడ ఒక్క ప్రాణం కూడా పోలేదు. 2002లో న్యూజిలాండ్ ప్రధాని హెలెన్ క్లార్క్ సమోవాకి క్షమాపణ చెప్పారు.

[తెర: సౌత్ ఆక్లాండ్, మాంగెరె వీధులు.]

వాయిస్: 2021 ఆగస్టు. న్యూజిలాండ్‌లోకి కరోనా డెల్టా రకం వచ్చింది. మాంగెరెలోని ఒక సమోవన్ చర్చి చుట్టూ పెద్ద క్లస్టర్, అంటే ఒకచోట నుంచి పాకిన కేసుల గుంపు, బయటపడింది. అప్పటికి దేశంలో పసిఫిక్ జనం, అంటే సమోవా లాంటి దీవుల మూలాలున్నవాళ్లు, నూటికి ఎనిమిది మందే, కానీ తొలి వారాల్లో కేసుల్లో ఎక్కువమంది వాళ్లే. నెట్‌లో ఆ చర్చివాళ్లని నానా మాటలూ అన్నారు. ఇది తలుచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది. జబ్బు చేసినవాళ్లని దోషుల్లా నిలబెడితే, రేపు దగ్గు మొదలైనవాళ్లు టెస్టుకి వస్తారా?

[తెర: చిన్న ఇల్లు. గుమ్మంలో అరడజను జతల చెప్పులు.]

వాయిస్: తాత, కొడుకు, కోడలు, పిల్లలు అంతా ఒకే ఇంట్లో ఉంటారు. ఇంట్లో సంపాదించేవాళ్లలో ఒకరు గోడౌన్‌కి, ఇంకొకరు ఎయిర్‌పోర్టుకి డ్యూటీకెళ్తారు. పాజిటివ్ వస్తే వేరే గదిలో ఉండమన్నారు. ఆ గది ఏదీ?

[తెర: సౌత్ ఆక్లాండ్‌లోనే ఓటారాలో టెస్టింగ్ సెంటర్, కార్ల వరుస. పక్కన సరుకుల పెట్టెలు.]

వాయిస్: ఇక్కడ సౌత్ సీస్ హెల్త్‌కేర్ లాంటి పసిఫిక్ సంస్థలు రంగంలోకి దిగాయి. నర్సు "తాలోఫా" అని పలకరించి సమోవన్‌లోనే అన్నీ అడిగేది. టెస్టు, టీకాలతో పాటు ఇంటికి సరుకులూ చేరేవి. డ్యూటీకి వెళ్లకపోతే బియ్యం కూడా ఉండని ఇంట్లో ఐసోలేషన్ నిలవాలంటే ముందు కావలసింది అదే.

ఇంకో భయం, వీసా. 1970లలో వీసా గడువు దాటినవాళ్ల కోసం తెల్లవారుజామున పోలీసులు పసిఫిక్ ఇళ్లమీద పడేవారు. ప్రభుత్వం దానికి క్షమాపణ చెప్పింది 2021 ఆగస్టు 1న, అంటే డెల్టా లాక్‌డౌన్‌కి సుమారు రెండు వారాల ముందు! టీకాకి వీసాతో పని లేదని ప్రభుత్వం చెప్పినా, ఆ మాట తెలిసినవాళ్ల నోటి నుంచి వింటేనే జనం కదిలేది.

[తెర: యానిమేషన్. ఫాలే, అంటే సమోవా ఇల్లు, ఒక్కో భాగంగా లేస్తుంది.]

వాయిస్: ఫుయిమాఓనో కార్ల్ పులోటు ఎండెమాన్ రూపొందించిన ఫోనోఫాలే నమూనాలో ఆరోగ్యం ఒక ఇల్లు. పునాది కుటుంబం, పైకప్పు సంస్కృతి. మధ్యలో స్తంభాలు: శరీరం, మనసు, ఆధ్యాత్మికత, మిగతా జీవితం.

ఇలా కుటుంబమే పునాది అనుకునే చోట, టీకా మాత్రం దేశమంతా ఎక్కువమందికి మనిషి వయసు ప్రకారం, పెద్దల నుంచి కిందికి వచ్చింది. పసిఫిక్ జనాభాలో కుర్రవాళ్లే ఎక్కువ, అందుకే చాలామంది వంతు ఆలస్యమైంది. నా ఉద్దేశంలో ఈ లెక్క మారాలి. నర్సు తాతకి టీకా వేయడానికి వెళ్తే, ఆ ఇంట్లో టీకా తీసుకోదగ్గ వాళ్లందరికీ అప్పుడే వేసి రావాలి.